నాలుగో చరణం మత్తయిది కాదు

ముమ్మిడివరం దాటి కాలవగట్టు పట్టుకుని వెళ్తే వచ్చే పేటల్లో, ఉజ్జీవ కూటాల రోజుల్లో ఏ యేసు గుడికెళ్ళినా ఒక పాట వినిపిస్తుంది. కొబ్బరికాయ వలిచే పాట. మొదటి మూడు చరణాలూ జనం తలలొంచుకుని వింటారు. నాలుగో చరణం దగ్గర హార్మోనియం గొంతు పెంచుతుంది, తాళాలు లేస్తాయి. "మద్యము మానిన మత్తయి దాసుడు" అనేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటారు. మత్తయి ఎవరో ఇప్పుడు పాడేవాళ్ళలో చాలామందికి తెలీదు. తాగుడు మానినవాడని మాత్రం అందరికీ తెలుసు.

మత్తయి తాగుడు మానలేదు. మానకుండానే చచ్చిపోయేడు. ఆ నాలుగో చరణం అతను కట్టింది కాదు. పోయినవాడి పరువు కదా, ఎందుకు బయట పెట్టడం అంటారు. ఆ పరువే అతని ప్రాణం తీసింది గనక బయట పెట్టాలి.

మత్తయి కాయ వలిచేవాడు. దింపు తీసేవాడు చెట్టెక్కుతాడు, వాణ్ణి అందరూ తలెత్తి చూస్తారు. వలిచేవాణ్ణి ఎవరూ చూడరు. వాడు నేలలో పాతిన ఇనప గునపం ముందు నడుం వంచి నిలబడి ఉంటాడు. పక్కన మనిషెత్తు రాశి. కాయ తీసి గునపం మొన మీద గుచ్చి, ఒంటి బరువంతా అరచేతుల్లోకి దించి తిప్పితే పీచు ఒక పక్క విడుతుంది. మళ్ళీ గుచ్చాలి, మళ్ళీ తిప్పాలి. పొద్దుగూకేసరికి నడుం తన నడుం కాదు, మణికట్లు తన మణికట్లు కావు. అరచేతులు పీచు పసరుకి నల్లబడి, పగిలి, ఉప్పు తగిలితే అరుపు వచ్చేట్టు ఉంటాయి.

కాయలు లారీ ఎక్కించే రోజున సారా ఆ వలుపు దొడ్డికే వచ్చేది. కాయల షావుకారు పోయించేవాడు. "పాపం, కష్టపడుతున్నార్రా" అని జాలిగా పోయించేవాడు. అన్నం వండి పెట్టించడం కన్నా అది సుళువు. కడుపులో సారా పడ్డవాడికి నొప్పి తెలీదు, ఇంకాస్త రాశి వలుస్తాడు. కోనసీమ కూలివాడికి తాగుడెలా అంటుకుందని పెద్దమనుషులు మైకుల ముందు నిలబడి అడుగుతూ ఉంటారు. ఇలా అంటుకుంది. పనిలో భాగంగా పోసేరు. పని లేని రోజున తనే వెళ్ళి కొనుక్కుంటే దానికి వ్యసనమని పేరు పెట్టేరు.

మత్తయికి ఇంకో పనొచ్చు. గుళ్ళో కంజిర వాయించేవాడు. పాటలు కట్టేవాడు కూడా. వలుపు దగ్గర పాట ఉండాలి, లేకపోతే చేతులు అలసట లెక్కపెట్టుకుంటాయి. డెబ్భై మూడులో వానాకాలం మొదట్లో, రాశి దగ్గర ఒక రోజు కొత్త పాట ఎత్తేడు.

వలవరా కాయ వలవరా
వలిచే చెయ్యెవరిదో తెలియదురా

పీచు లాగితె నొప్పనలేదు, పైది పోతే పోనీ అన్నా
పంచె పోయె, చెంబు పోయె, పేటలోన పేరు పోయె
నవ్వుకుంటు ఇంటికొచ్చా

టెంక పగిలితె చప్పుడు లేదు, టెంకలోనే కాపురముండె
ఆలి కంట నీరు జూసి అటు తిరిగి పడుకున్నా
బిడ్డ పిలిస్తె పలకలేదు

నీళ్ళు పోతే నేల తాగె, నేలనడిగితె తిరిగి రావు
చెవిని పెట్టి ఆడిస్తే చప్పుడు లేదు లోపల
చప్పుడు లేని కాయను తెచ్చి ఏ రాశిలో పోస్తార్రా

అంతే పాట. అక్కడ ఆగిపోయింది.

రాశి దగ్గరవాళ్ళు పడీపడీ నవ్వేరు. "ఒరేయ్ మత్తయ్యా, నా మీదే కట్టేవురా ఇది!" అన్నాడొకడు. "నీ చెంబు ఎప్పుడో పోయింది కదరా, నా చెంబు మొన్ననే పోయింది, కాబట్టి నా మీదే," అన్నాడింకొకడు. ప్రతివాడింట్లోనూ చెంబు సారాకే పోయింది గనక పాట ఎవరిదో తేలలేదు.

మత్తయి భార్య సలోమి వలిచిన పీచు డొక్కలు గంపకెత్తి ఎండలో పరిచే పనిలో ఉంది. ఆమె మాత్రం నవ్వలేదు. రెండో చరణం దగ్గర ఆమె చేతులు ఆగిపోయేయి. ఆమెకి ఇన్నాళ్ళూ ఒకటే ఊరట ఉండేది: తాగి పడుకున్నాడు, నా ఏడుపు చూడలేదులే అని. చూసేడన్నమాట. చూసి, అటు తిరిగేడన్నమాట. ఆ మాట ఆమె గుండెలో గునపంలా దిగింది. దిగేక, అదే చోట ఒక ఆశ కూడా పుట్టింది. చూసినవాడు మారతాడు కదా అనుకుంది.

ఆ సాయంత్రం అడిగింది. "ఏవయ్యా, ఆ పాట ఎవరి మీద కట్టేవు?"

"కాయ మీద."

"కాయకి ఆలి ఉంటాదా?"

"ఉంటే నీలాంటిదే ఉంటాది. అందుకే కాయ నోరెత్తదు."

"నవ్వులాటలు ఆపు. నువ్వు నన్ను చూసేవు."

మత్తయి కంజిరని పొయ్యి సెగకి పట్టి చర్మం బిగిస్తున్నాడు. వేలితో ఒకసారి కొట్టి చూసి పక్కన పెట్టేడు. "చూసేను. ఏం చెయ్యాలో తెలీక తిరిగేను."

"ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడూ తెలీదే. తెలిస్తే పాట ఇంకా ఉండును."

మర్నాడు సలోమి పాస్టరుగారి దగ్గరకి వెళ్ళింది. వరప్రసాదంగారు ఆ చుట్టుపక్కల ఒక పేటలోనే పుట్టి చదువుకుని పాస్టరయినవారు. మంచివారు. గుడి పాకని పెంకుటిల్లు చేయించేరు, పిల్లల్ని బళ్ళో వేయించేరు, మునసబుతో మాటకి మాట అనేవారు. ఆయన్ని దుర్మార్గుణ్ణి చేస్తే ఈ కథ సుళువుగా అయిపోతుంది, కానీ అది నిజం కాదు. సలోమి పాట పాడి వినిపించింది. ఆయన కళ్ళు చెమర్చేయి.

"చాలా గొప్పగా ఉందమ్మా. కానీ పాపంలో దిగబడిపోయి అక్కడే ఉండిపోయింది. ఇలాంటిది గుళ్ళో ఎలా పాడతాం? ఇందులో ప్రభువేడీ?"

"రాలేదండి ఇంకా."

"అయితే మనం రప్పిద్దాం," అన్నారాయన.

మన కీర్తనలకి ఒక ఆచారముంది. కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరు చెప్పుకుంటాడు. ఆ చరణమే పాటకి సంతకం. వరప్రసాదంగారు ఆఖరి చరణం తను రాసి, పేరు మాత్రం మత్తయిది పెట్టేరు. తన పేరు వదులుకుని ఆ గౌరవం ఒక కూలివాడికి ఇచ్చాననే అనుకున్నారు.

ఎండిన కాయను కురిడీ జేసి యేసు తనదౌ అటకను దాచె
మద్యము మానిన మత్తయి దాసుడు మహిమలు పాడుచు సాగె

పీచు వలవని కాయని అటక మీద ఏడాది పాటు కదపకుండా ఉంచితే లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి టెంకని వదిలి కురిడీ అవుతుంది. వలిచి, పగిలి, నీళ్ళు కారిపోయిన కాయ ఏ అటక మీద పెట్టినా కురిడీ అవదు, కుళ్ళుతుంది. ఇది ఆ పేటలో పాకే పిల్లకి తప్ప అందరికీ తెలుసు. పాస్టరుగారికి తెలుసు, సలోమికి తెలుసు, మత్తయికి తెలుసు. పుట్టిన్నాటి నించీ కాయల మధ్య బతికినవాళ్ళు, పాటలోకి వచ్చేసరికి ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అంత కావాలనిపించింది వాళ్ళకి ఆ కురిడీ.

మత్తయి ఒక్కసారి మాత్రం అడిగేడు. "అయ్యగారండి, నేనింకా మానలేదు కదండీ."

"పాడేసరికి మానతావు."

"పాడేది ఈ శుక్రవారమే కదండీ."

"విశ్వాసమంటే అదే మత్తయ్యా. జరగబోయేదాన్ని జరిగిందని చెప్పగలగడం."

"ఆయ్," అన్నాడు మత్తయి. పెద్దల ముందు మనవాళ్ళ నోటికి ఆ మాటే వస్తుంది. ఒప్పుకున్నా అదే, ఒప్పుకోకపోయినా అదే.

కొబ్బరాకుల పందిట్లో కూటం పెట్టేరు. మత్తయి ఉతికిన లాల్చీ వేసుకుని, కంజిర చంకన పెట్టుకుని నిలబడి పాడేడు. నాలుగో చరణంలో తన పేరు తన నోటితో పలికేడు. పందిరంతా ఏడ్చింది. సలోమి ముందు వరసలో కూర్చుని ఏడ్చింది. ఎక్కడెక్కడి పేటలవాళ్ళో వచ్చి అతని చేతులు పట్టుకున్నారు. పుట్టి బుద్ధెరిగేక మత్తయి చేతులు ఎవరూ అలా పట్టుకోలేదు.

ఆ రోజు నించి నిజంగానే మానేడు. వేసవి దాకా మానేడు. ఆ కాస్త కాలమే సలోమి తరవాత్తరవాత బతుకంతా చెప్పుకున్నది. వేడన్నం వేడిగా తిన్నాడని, తను కూర వండుతుంటే పీట వేసుకుని పక్కన కూర్చుని తాటిముంజెలు ఒలిచి పెట్టేడని, కూతురు పిలిస్తే "ఏమ్మా" అన్నాడని. ఇంతే. ఇవి గొప్ప సంగతులుగా చెప్పుకునే స్థితికి ఆడవాళ్ళని తెచ్చింది ఈ సారా.

కానీ చేతులు వణికేవి. పొద్దున్నే గునపం దగ్గర నిలబడితే కాయ మొన మీద నిలిచేది కాదు. ఒకసారి కాయ జారి మొన అరచేతిలోకి దిగబడింది. కట్టు కట్టుకుని మళ్ళీ పనికొచ్చేడు. అప్పటికీ వణుకుతున్నాయి. దొడ్డి మేస్త్రీ చూసి, "ఒక గుక్క పోసుకోరా, చెయ్యి నిలబడుద్ది. పని పాడవుతోంది," అని గ్లాసు అందించేడు. చెయ్యి నిలబడింది. ఆ మేస్త్రీ కూడా కూటంలో ఏడ్చినవాడే.

పాటకి ముందు మత్తయి అందరిలాంటి తాగుబోతు. పడిపోతే నలుగురు మోసుకొచ్చి అరుగు మీద పడేసేవాళ్ళు, పొద్దున్న ఎగతాళి చేసేవాళ్ళు, దాంతో సరి. పాట తరవాత దొంగ తాగుబోతయ్యేడు. ఊళ్ళో కొట్టుకి వెళ్ళలేడు. రేవు దాటి అవతల ఊరు వెళ్ళి తాగి, వేపాకులు నమిలి, కాలవలో మునిగి ఇంటికొచ్చేవాడు. సలోమికి తెలీదా? తెలుసు. వాసన కన్నా ముందు, అతను తన మొహంలోకి చూడకపోవడంతో తెలిసింది. అయినా పైకనలేదు. పాడగా పాడగా నిజమవుద్దని ఆమె నమ్మకం. రాజోలు నించీ, కొత్తపేట నించీ, జొన్నాడ నించీ కూటాలకి పిలుపులొచ్చేవి. "ఎల్లు, పాడు, ఈసారి ఆగుద్ది," అని లాల్చీ ఉతికి ఇచ్చేది ఆమే. అతను వెళ్ళేవాడు, పాడేవాడు, జనాన్ని ఏడిపించేవాడు, దారిలో తాగి వచ్చేవాడు.

డెబ్భై తొమ్మిదిలో వ్యవసాయ కూలీ సంఘం తరఫున వీర్రాజు వచ్చేడు. సారా వేలాలు ఆపాలని ఊరేగింపులు తీస్తున్న రోజులు. వీర్రాజు నిజాయితీపరుడు, కూలి రేట్ల కోసం జైలుకెళ్ళి వచ్చినవాడు. పాట విని ఎగిరి గంతేసేడు.

"మత్తయిగారూ, పాట బ్రహ్మాండమండీ! ఆ దేవుడి చరణం తీసేద్దాం. వలిచే చెయ్యెవరిదో తెలీదంటారేంటండీ, తెలుసు కదా? వేలం దక్కించుకున్న కంట్రాక్టరుది. వాడికి అనుమతిచ్చిన సర్కారుది."

"తెలుసండి."

"మరి పాటలో చెప్పరేం?"

"చెప్తే పాట అయిపోద్దండి."

"అయిపోవాలండీ! అయిపోయి జనం లేవాలి!"

"లేస్తే మంచిదేనండి. నాకు లేవడానికి కాళ్ళు రావట్లేదండి. ఆ సంగతి కట్టేను."

వీర్రాజు నవ్వి భుజం తట్టేడు. మానేసినవాడి వినయం అనుకున్నాడు. సంఘం వాళ్ళు తమ చరణం తాము కట్టుకున్నారు. "వలిచే చెయ్యి తెలిసిందిరా, సారా కంట్రాక్టు దొరదిరా, గునపం పీకి లేవర కూలన్నా" అని. అందులో చెప్పింది అక్షరాలా నిజం. గునపం ఎవడు పాతేడో చెప్పకుండా కాయ ఏడుపు ఒక్కటే పాడితే అది సగం నిజమే. కానీ కాయ ఏడుపు మర్చిపోయి గునపం గురించే పాడినా అదీ సగమే. అమలాపురం ఊరేగింపులో మత్తయిని అందరికన్నా ముందు నడిపించేరు. ఆ పొద్దున్నే అతను తాగి ఉన్నాడు. పక్కన నడిచినవాళ్ళకి వాసన తగలకుండా ఉంటుందా? తగిలింది. వెనకాల ఎవడో తాగొచ్చేడని కోప్పడ్డారు.

అలా గుళ్ళో పాటకి ఒక తోక, సంఘంలో ఇంకో తోక మొలిచేయి. తను కట్టినట్టు, మూడు చరణాల దగ్గర ఆగిపోయే పాట పాడుతున్న చోటు ఒక్కటే మిగిలింది. అది సారా కొట్టు.

గవర్నమెంటు సారా ప్యాకెట్లు ఇంకా రాని రోజులు. ఊరి చివర కొట్టు చూసేవాడు సత్తియ్య, కంట్రాక్టరు మనిషి. మత్తయి ఒకనాడు రేవు దాకా నడిచే ఓపిక లేక ఆ కొట్టు వెనకవైపు తడికె దగ్గరకి వచ్చేడు. లోపల పాట వినిపించింది. తన పాటే. బల్లల మీద గ్లాసులతో తాళం వేస్తూ పాడుతున్నారు. మూడో చరణం ఆఖరికి వచ్చేరు. "చప్పుడు లేని కాయను తెచ్చి ఏ రాశిలో పోస్తార్రా?" అని ఒకడు గొంతెత్తేడు. "ఈ రాశిలోరా!" అని మిగతావాళ్ళంతా బల్లలు చరిచి అరిచేరు.

మత్తయి తడికె పట్టుకుని నిలబడిపోయేడు. ఆ ప్రశ్న కట్టిన నాటినించీ దానికి జవాబు చెప్పినవాళ్ళు వీళ్ళే.

సత్తియ్య చూసేడు. "అయ్యబాబోయ్, మానేసిన మత్తయిగారు! దయచేయండి, దయచేయండి!" అని తుండుగుడ్డతో బల్ల తుడిచేడు. "మా కొట్లో పాటకి తోకల్లేవండీ. కట్టింది కట్టినట్టే. గ్లాసులో కూడా నీళ్ళు కలపం."

"ఆ రెండోది అబద్ధం," అన్నాడు బల్ల దగ్గరవాడు. అందరూ నవ్వేరు. మత్తయీ నవ్వేడు. చాలా కాలానికి పైకి వినపడేట్టు నవ్వేడు. కూర్చుని, గ్లాసు పక్కన పెట్టి, మొదటినించీ పాడేడు.

ఆ తరవాత రోజూ అక్కడికే. గుట్టు కూడా బయటపడలేదు, చిత్రమేమంటే. కొట్లో చూసినవాళ్ళు గుళ్ళోకి రారు. ఒకరిద్దరు వచ్చి చెప్పినా, "తాగుబోతుల మాట. ఆయన వాళ్ళని మార్చడానికే వెళ్తున్నాడు," అనేవారు విశ్వాసులు. పేరు పాటలో ఉన్నాక మనిషి సంగతి ఎవడికి కావాలి?

ఎనభై రెండులో కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట పొంగింది. పసరు మందు వేసినా తగ్గలేదు. సలోమి అతన్ని బస్సెక్కించి అమలాపురంలో ఒక డాక్టరుగారి దగ్గరకి తీసుకెళ్ళింది. దారిలో ఒట్టు వేయించుకుంది. "డాక్టరుగారి దగ్గర దాచకు. ఎంత తాగుతున్నావో ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన మన పేట మనిషి కాదు. ఆయనకి మన పాటా తెలీదు, మన గుడీ తెలీదు."

మత్తయి తలూపేడు. చెప్పాలనే వచ్చేడు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, కళ్ళు చూసి అడిగేరు. "తాగుతావా?"

మత్తయి నోరు తెరిచేడు. పక్కనే కంపౌండరు సూది మరగబెడుతున్నాడు. చటుక్కున ఇటు తిరిగి, "మీరు మత్తయిగారు కదండీ!" అన్నాడు. "డాక్టరుగారండీ, ఈయనే. మా ఆవిడ పాడుతుంటుందని చెప్పలేదూ, కాయ పాట? ఆయనేనండి. ఈయన మానేసి ఎన్నో ఏళ్ళయిందండి. ఈ పాట విని మా తమ్ముడు మానేశాడండి!" అని చేతులు జోడించేడు.

డాక్టరుగారు మొదటిసారి మత్తయి మొహంలోకి చూసి నవ్వేరు. "అలాగా? మంచిది. పూర్తిగా మానేశావన్నమాట?"

సలోమి మోచేత్తో పొడిచింది.

"ఆయ్," అన్నాడు మత్తయి. "మానేసేనండి."

తాగనివాడి కామెర్లకి ఏ మందిస్తారో ఆ మందిచ్చేరు.

బస్సు దగ్గర సలోమి ఏడవలేదు, తిట్టింది. "నోరు పడిపోయిందా? పాటలు కడతావు, ఒక్క మాట చెప్పలేవా?" అతను సంచి రెండో చేతికి మార్చుకున్నాడు. "వాళ్ళ తమ్ముడు మానేడంటే ఏం చెప్పమంటావే. నేను తాగుతున్నానంటే ఆడు మళ్ళీ మొదలెట్టడా?" ఆ రోజుతో సలోమి నమ్మకం తిరగబడింది. నిజమవుద్దని ఇన్నాళ్ళూ లాల్చీ ఉతికి పంపిన చరణమే అతని నోరు కుట్టేసిందని తెలిసింది.

తిన్నగా పాస్టరుగారి దగ్గరకి వెళ్ళింది. "అయ్యగారండి, ఆ నాలుగో చరణం తీసెయ్యండి. మా ఆయన మానలేదు. ఆ మొదటి వేసవి దాటేక ఎప్పుడూ మానలేదు."

వరప్రసాదంగారికి అప్పుడే తెలిసిందో, ముందే తెలుసో చెప్పలేం. "తీసెయ్యడానికి ఆ పాటిప్పుడు మన చేతిలో లేదమ్మా. రాజోలు దాకా పాడుతున్నారు. అది విని మారినవాళ్ళు నిజంగా ఉన్నారు. అబద్ధమని తెలిస్తే వాళ్ళేమవుతారు?"

"మా ఆయనేమవుతాడండి?"

ఆయన తల దించుకున్నారు. చివరికి ఒక మాటకి వచ్చేరు. "వచ్చే కూటంలో మత్తయే లేచి చెప్పనీ. మూడు చరణాలు పాడి ఆపి, ఉన్న సంగతి సాక్ష్యంగా చెప్పనీ. నేను పక్కనే ఉంటాను. గుడి సంఘమంతా ప్రార్థన చేసి, పెద్దాసుపత్రికి మనమే తీసుకెళ్దాం."

అదొక్కటే దారి మిగిలింది వాళ్ళకి. మత్తయి ఒప్పుకున్నాడు. కూటం నాటికి మనిషి చిక్కి, పొట్ట మాత్రం మిగిలింది. లాల్చీ భుజాల మీద నించి జారిపోతోంది. పాట ఎత్తేడు. గొంతు మాత్రం తగ్గలేదు. పీచు ఊడింది, టెంక పగిలింది, నీళ్ళు పోయేయి. "చప్పుడు లేని కాయను తెచ్చి ఏ రాశిలో పోస్తార్రా" అని ఆపేడు. కంజిర కింద పెట్టేడు. ముందుకొక అడుగు వేసి, గొంతు సవరించుకున్నాడు.

ఏడుపొచ్చి ఆగిపోయేడనుకున్నారు. హార్మోనియం ఆయన ఆగలేదు, ఇన్నేళ్ళ అలవాటు, వేళ్ళు నాలుగో చరణంలోకి వెళ్ళిపోయేయి. ముందు వరస ఆడవాళ్ళు అందుకున్నారు. తరవాత పందిరంతా అందుకుంది. "మద్యము మానిన మత్తయి దాసుడు." ఆయన పాడలేకపోతే మనం పాడదామని, ప్రేమగా, చప్పట్లతో, ఒకటికి రెండుసార్లు పాడేరు. మత్తయి ఏదో అంటూనే ఉన్నాడు. పెదాలు కదలడం కనిపించింది. "అల్లేలూయా అంటున్నాడు," అంది ఎవరో, ఇంకా గట్టిగా పాడేరు.

వరప్రసాదంగారు చెయ్యెత్తితే ఆగును. ఆయన కళ్ళు మూసుకున్నారు.

పాట అయ్యేక జనం వచ్చి మత్తయి చేతులు పట్టుకున్నారు. సలోమి జనాన్ని తోసుకుని వచ్చి అతన్ని బయటకి తీసుకెళ్ళింది. కాలవగట్టు మీద కొంత దూరం వచ్చేక మత్తయి అన్నాడు. "చెప్పేనే. వినపడలేదు."

"చూసేను."

"పోనీలే. బాగా పాడేరు."

దారి చీలే చోట అతను సత్తియ్య కొట్టువైపు తిరిగేడు. సలోమి ఆపలేదు. ఆపి ఎక్కడికి తీసుకెళ్ళాలో ఆమెకి తెలీలేదు.

ఆ తరవాత అతను గుళ్ళో పాడలేదు, ఒంట్లో బాలేదని చెప్పేరు. పెద్దాసుపత్రి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ప్యాకెట్టు సారా వచ్చింది, కొట్టు దాకా వెళ్ళే పని కూడా తప్పింది. ఎనభై అయిదులో నెత్తురు కక్కుకుని పోయేడు. కామెర్లు తిరగబెట్టేయని పాస్టరుగారు సమాధి దగ్గర చెప్పేరు. పాట పాడేరు, నాలుగు చరణాలూ. వీర్రాజు ఎర్రజెండా కప్పి తమ చరణం పాడించేడు. సత్తియ్య కూడా వచ్చేడు, దూరంగా నిలబడ్డాడు. అతని వెనక కొట్టు మనుషులు నలుగురైదుగురు. వాళ్ళని పాడమని ఎవరూ అనలేదు. తాగి ఉన్నారని పంపేసేరు.

ఇందులో నేరం ఎవరిదని అడిగితే నా జవాబు కంట్రాక్టరుది, వేలం వేసిన ప్రభుత్వానిది, అన్నానికి బదులు సారా పోసిన షావుకారుది అనే. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ మునిగిపోతున్న మనిషి అరిస్తే, ఆ అరుపు బాగుందని మనం బాణీ నేర్చుకున్నాం. ఇది కంట్రాక్టరు చెయ్యలేదు.

ఎనభయ్యారు వరద తీసేక, బురద పట్టిన కాయలు రాశులు పోసి వలిపించేరు. సలోమి ఎప్పట్లాగే డొక్కలు మోస్తోంది. పక్క వరసలో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల మేరీ. దాని మొగుడు మోషే వలుపులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. పొద్దుటే చేతులు వణుకుతున్నాయి వాడికి. సలోమి చూసింది.

మేరీ గంప దించి దగ్గరకి వచ్చింది. "అత్తా, మావయ్య ఎలా మానేడో చెప్పవా?"

"మానలేదే."

"ఊరుకో అత్తా. పాటలో పేరుతో సహా ఉంటేనూ."

"ఆ చరణం మీ మావయ్యది కాదు. వరప్రసాదంగారు రాసేరు. మీ మావయ్య తాగే పోయేడు. నా మాట విను, మీ ఆయన్ని పాట జోలికి పోనివ్వకు. ముందు డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పించు."

మేరీ ఆమె మొహంలోకి జాలిగా చూసింది. మొగుడు పోయిన మనిషి, ఏదో అంటోంది అనుకున్నట్టుంది. "వరప్రసాదంగారు అంత పెద్దాయన, అబద్ధం రాస్తారా అత్తా? కొత్త పాస్టరుగారు కూడా ఆ చరణమే మా ఆయనకి నేర్పేరు. ఆదివారం పాడిస్తామన్నారు." పిల్ల మొహం వెలిగిపోతోంది. "పేరు కూడా సరిగ్గా సరిపోయిందత్తా. మద్యము మానిన మోషే దాసుడు."

సలోమి గంప ఎత్తుకుంది. గునపం దగ్గర మోషే కాయ గుచ్చుతున్నాడు, మొన మీద నిలవక జారుతోంది. మేస్త్రీ గ్లాసు పట్టుకుని అటే వెళ్తున్నాడు.

ఆదివారం మోషే పాడేడు. గుడంతా ఏడ్చిందని చెప్పేరు.